మెత్తగా పిలిస్తేనే కుడికి తిరిగిన డంపర్

దయ్యాల సంగతులు చెప్పేవారిని నేను ఒకే ప్రశ్న అడిగేవాణ్ని: జరిగిన రోజే కాగితం మీద రాసిపెట్టారా? ఎవరూ రాసి ఉండరు. అందుచేత నేను ఎవరినీ నమ్మలేదు. ఈ సంగతి మాత్రం నేనే రాసిపెట్టాను. అదే నా దురదృష్టం.

అరవైల తొలినాళ్లలో, హాలియా దగ్గర కాలువ తవ్విస్తున్న ఒక గుత్తేదారు వర్క్‌షాపులో నేను ఫోర్‌మన్‌ను. మట్టి మోసే డంపర్లలో ఒకదాని పవర్ స్టీరింగు, మట్టికట్ట మీద కుడి మలుపు రాగానే బిగుసుకుపోయేది. ఏ డ్రైవరు ఎంత బలంగా లాగినా కదిలేది కాదు. మల్లయ్య ఒక్కడికే తిరిగేది.

మల్లయ్య రామన్నపేట వైపు గొర్రెల కాపరుల ఇంటివాడు. డ్రైవింగు నేర్చి ఎంతో కాలం కాలేదు. తన సీటు ఇంకొకరికి పోకుండా అతడే బండికి ఏదో చేశాడని కాలువ పని చూసే ఇంజనీరుగారి అనుమానం. శనివారంలోగా లోపం దొరక్కపోతే పనిలోంచి తీసేస్తానన్నారు.

రుజువు లేకుండా మనిషి పొట్ట కొట్టడమేమిటని నాకు ఒళ్లు మండింది. రిజిస్టరు తెరిచాను. స్టీరింగు ట్యాంకులో నూనె సరిపడా ఉంది. పంపు బెల్టు బిగువుగా ఉంది. గొట్టాలు ఎక్కడా కారడం లేదు. ముందు చక్రాలను జాకీతో లేపి, ఇంజను నడుస్తుండగా స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించి, నూనెలో చిక్కిన గాలిని మూడుసార్లు వదిలించాను. టైర్లలో గాలి, కీళ్లకు గ్రీజు, పంపు ఒత్తిడి, అన్నీ సక్రమమే. వర్క్‌షాపు ఆవరణలో ఒంటి వేలితో తిరిగిన స్టీరింగు, మలుపు దగ్గర మళ్లీ మొండికేసింది.

శుక్రవారం నేనే మల్లయ్య పక్కన కూర్చున్నాను. మలుపు రాగానే అతడు నాలుకతో టకటకమనిపించి, మందను మళ్లించే కేక ఒకటి సన్నగా వేశాడు. డంపర్ కుడికి తిరిగింది.

"ఏందయ్యా అది?"

"నోటి అలవాటు సాబ్. గొర్ల తోని తిరిగినోణ్ని గద. నవ్వుతరని ఎవ్వరికి చెప్పలే."

"ఈసారి నోరు మూసుకొని తిప్పు."

తిరగలేదు. ఎనిమిదిసార్లు పరీక్షించాను: నాలుగుసార్లు కేకతో, నాలుగుసార్లు కేక లేకుండా. ఆ ఫలితాలు తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

శనివారం ఇంజనీరుగారు వచ్చి అంతా విన్నారు.

"అయితే మీరు తిప్పి చూపించండి. తిరగకపోతే మల్లయ్య సామాను సర్దుకోవాలి," అన్నారు.

తల నెరిసినవాణ్ని, కూలీలందరి ముందూ డంపర్ ఎక్కి, ఆ మలుపు దగ్గర గొర్రెల కేక వేశాను. స్టీరింగు కదల్లేదు. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ మల్లయ్య తల లోపలికి వంచాడు.

"గట్ల గద్దిస్తే మంద బెదురుతది సాబ్. జర మెత్తగ పిలువుండ్రి."

"ఇది మంద కాదు, డంపర్."

"మీకెరుకే, నాకెరుకే. దానికి ఎరుక కావాలె గద."

మెత్తగా పిలిచాను. తిరిగింది.

ఇంజనీరుగారు వంగి ముందు చక్రాలు రెండూ చూశారు. చివరికి, "గొట్టాల్లో గాలి ఉండిందని రాసేయండి," అన్నారు. మూడుసార్లు వదిలించిన గాలిని ఇప్పుడెక్కడి నుంచి తెమ్మంటారని అడిగాను. "కారణం తెలియదు. డ్రైవరు తప్పు లేదు" అని రాసి ముందు పెట్టాను. సంతకం చేశారు. మల్లయ్య పని నిలిచింది.

తరువాత పంపు మార్చాం, గొట్టాలు మార్చాం. ఆ మలుపులో దాని తీరు మాత్రం మారలేదు. ఎందుకో ఈనాటికీ నాకు తెలియదు. తెలిసినవారెవరైనా చెబితే రాసుకుంటాను.

మధ్యాహ్నం సద్ది తినే వేళ మల్లయ్య మిగతా డ్రైవర్లకు కేక నేర్పేవాడు. క్రమశిక్షణ చూడాలి కాబట్టి నేనూ వెళ్లి కూర్చునేవాణ్ని. రెండో వారానికి నా గొంతు కొంత దారికొచ్చిందని అతడే అన్నాడు.