జుమియాతికి వచ్చిన మొదటి బహుమతి

ఇండోనేషియాలోని సురబయలో జుమియాతి ఉండే సందులోకి ఎవరైనా మొదట్లోనే బండి దిగి తోసుకుంటూ రావాలి. అది ఆవిడ పెట్టిన చట్టం. సందుల శుభ్రత పోటీలో కప్పు కొట్టాలని పదహారేళ్లుగా అందరినీ చీపురుతో ఏలుతోంది. నిరుడు రెండో బహుమతి దగ్గరే ఆగిపోయినందుకు ఆవిడ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

ఆవిడ తెల్లారకముందే పసుపు, అల్లం కషాయాల సీసాలతో ఎలక్ట్రిక్ స్కూటర్ మీద అమ్మకానికి బయల్దేరి, పదింటికి తిరిగొచ్చి చార్జింగ్ పెడుతుంది. ప్లగ్గు నుంచి గుమ్మానికి మూడు మీటర్లు చాలు. సంతలో చవగ్గా కొన్న ఎక్స్‌టెన్షన్ వైరేమో పదిహేను. పోటీ రోజున వైరు కాళ్లకు అడ్డంగా పడి ఉంటే పరువేం కావాలి? మిగిలిందంతా గుండ్రంగా చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి, పైన అన్నం మీద మూసే వెదురుబుట్ట బోర్లించింది.

ఎదురింటి సుగెంగ్ రిటైరైన ఎలక్ట్రీషియన్. చూసి ఊరుకోలేకపోయాడు.

"జుమీగారూ, ఆ చుట్ట విప్పండి. అసలే సన్న వైరు, బండికి ఆగదు. చుట్టి బుట్ట మూస్తే లోపల ఉడికిపోద్ది!"

"ఉడికితే తినిపోదువుగాని! ముందు నీ గుమ్మంలో చెప్పులు సర్దుకోవయ్యా, జడ్జీలొచ్చే వేళైంది."

పదకొండింటికి ముగ్గురు జడ్జీలొచ్చారు. పూలకుండీలు మెచ్చుకున్నారు. బొజ్జ ఉన్నాయన ముక్కు ఎగబీల్చాడు.

"ఏదో మాడుతున్నట్టుందే?"

"అల్లం కషాయమండీ, కాస్త ఎక్కువ మరిగింది," అంది జుమియాతి, కన్నార్పకుండా.

ఆయన కళ్లు బుట్ట మీద పడ్డాయి. "అరటిపండు బజ్జీలా? మాకోసమేనా?" అంటూ, ఆవిడ వద్దనేలోపే ఎత్తేశాడు.

ముఖం మీదికి నల్లటి పొగ కొట్టింది. సుగెంగ్ లోపలికి పరుగెత్తి మెయిన్ స్విచ్ దించాడు. వైరు చుట్టలు కరిగి ఒక్కటైపోయాయి, కింద చాప గుండ్రంగా కాలిపోయింది. జానెడు దూరంలో కర్టెన్ అంచు వేలాడుతోంది. అది చూసి జుమియాతి కర్టెన్‌ను పక్కకు లాగి ముడేసింది.

"కప్పు కోసం కొంప కాల్చుకునేదాన్ని కదయ్యా," అంది.

కప్పు పక్క సందుకు పోయింది. సుగెంగ్ గుమ్మం దగ్గరే మందపాటి వైరుతో వేరే ప్లగ్గు బిగించాడు. ఇప్పుడు బండికి ఎక్స్‌టెన్షన్‌తో పనే లేదు.

కరిగిన ఆ చుట్టను రిబ్బనుతో, మసితో సహా జుమియాతే సందు మొదట్లో, నిరుటి రెండో బహుమతి షీల్డు పక్కన వేలాడదీసింది. ఎవరన్నా వైరు చుట్టలు చుట్టి బండి చార్జింగ్ పెడుతుంటే చెవి పట్టుకుని అక్కడికి లాక్కెళుతుంది.

"చూశావా? ఈ ఏటి మొదటి బహుమతి. నేనొక్కదాన్నే గెలిచా. నువ్వు పోటీకి రాకు."