పెండ్లితో మొదలయ్యే బొమ్మ

"ఏందో మాడతా ఉండాది, ముందు బల్బు ఆర్పు" అన్నాడు. "బల్బూ లేదు, నీ బొమ్మలేసే మిషనూ లేదు. పొయ్యి మీద ఎర్రగడ్డలు మాడినాయి. కండ్లు మూసుకోని పడుకో" అంటిని. మేము మొగుడూ పెండ్లాలం కడాకు మాట్లాడుకున్న మాటలు ఇవి. నేను పోయి బాండలి దించి వచ్చేతలికి ఆయన కండ్లు మూసుకోనే ఉండాడు, ఇంక తెరవలా. నేను చెప్పిన మాట ఆయన జన్మలో విన్నది అదొక్కటే. ఈ ఆదివారానికి ఏడాది తద్దినం. ఆ పొద్దు భోజనాలైనాక మిద్దె మీద ఆయన బొమ్మ వెయ్యాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆయన బొమ్మంటే ఫోటో కాదు, ఆయన వీధిలో అందరికీ వేసి చూపించే అమెరికావాళ్ళ మాటల్లేని నవ్వులాట సినిమా. వెయ్యడమైతే వేస్తారు, దానికి ఆయన చెప్పే మాటలు యాడుండాయి? నా తలకాయలో తప్ప ఇంక యాడా లేవు. అందుకే తొండియార్‌పేట బడిలో తెలుగు టీచరుగా ఉండే నా చెల్లెలి కూతుర్ని కూర్చోబెట్టి చెప్తా ఉండాను, ఆ పిల్ల రాస్తా ఉండాది. నా పేరు రాసేదీ, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కునేదీ, అంతవరకే నా చదువు. ఒక తావున కూర్చోని చెప్పమంటాది. నా వల్ల కావడంలా. లేస్తాను, చీపురు పట్టుకుంటాను, మళ్ళా వచ్చి కూర్చుంటాను. "పెద్దమ్మా, నీ మాట వంటింట్లోకి పోతా ఉంటే నేను రాసేది ఎట్ట?" అంటాది. రాయి తల్లీ, దీన్ని కూడా రాయి.

పోయిన వారం ఈ పిల్లే ఫోను తెచ్చి నా మొగం ముందర పెట్టి "పెదనాయన బొమ్మ ఇదేనా చూడు" అనింది. చూస్తే అదే. పొడుగు మెడ పిల్లోడు, వానికి రెండింతలుండే మామ, అదే గోడ. వరదనీళ్ళు ఇంట్లోకొచ్చిన యేడు రీళ్ళు రెండూ మునిగిపోయి, పులిసిన వాసన కొడతా ఉంటే ఆయన చేత్తోనే పారేసినాడు. మళ్ళా దాన్ని చూస్తానని నేను యాడనుకున్నా? అయితే చూస్తా చూస్తా ఉంటే కోపమొచ్చింది. పెండ్లి కడాకు వచ్చింది. "ఇది తప్పు బొమ్మ, ఎవరో తిరగేసినారు" అంటిని. ఆ పిల్ల కొంచేపు నసిగి "తిరగేసింది వాళ్ళు కాదు పెద్దమ్మా, పెదనాయన" అనింది.

అది ఎట్ట జరిగిందో చెప్పాల. ఆయన పెరంబూరులో రైలుపెట్టెల ఫ్యాక్టరీలో వెల్డరు. లీవు దొరికితే చాలు, మూర్ మార్కెట్ తట్టు పోయి పాత సామాన్లు గెలికేది ఆయన పిచ్చి. ఇంటికి ఫ్యాను కొనుక్కోని రమ్మంటే ఒకసారి బొమ్మలేసే చిన్న మిషనూ, రేకు డబ్బాల్లో రెండు రీళ్ళూ తెచ్చినాడు. ఆ ఎండాకాలం మేము విసనకర్రతోనే గడిపితిమి. బొమ్మ పేరుండే ముక్క అప్పటికే తెగిపోయి ఉండాది. డబ్బాల మీద సుద్దతో రాసిన నంబర్లు వానకు తడిసి పోయినాయి. ఒక దాంట్లో పిల్లోడు పరిగెత్తేదీ, పెండ్లీ. ఇంకోదాంట్లో అదే పిల్లోడు గోడలకు రంగు కాయితాలు అంటించేదీ, బంకలో పడేదీ, పిల్ల కిటికీలోనించి చూసి నవ్వేదీ. ఏది ముందు, ఏది వెనక? మధ్యలో నల్లపలక మీద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి గానీ వాటిని చదివేవాళ్ళు మా వరస ఇళ్ళల్లో లేరు. మా అత్త ఒక్క మాటలో తేల్చేసింది. "పెండ్లి కాకుండా పిల్ల పరాయి మగోణ్ణి చూసి పండ్లికిలిస్తాదా? పెండ్లే ముందు" అనింది. మాకందరికీ సరే అనిపించింది. మాలో అట్టనే గదా. తాళి కట్టించుకొనేటప్పుడు నేను ఆయన కాలి బొటనవేలు తప్ప ఏమీ చూడలా. మొగం చూసేదానికి సందు దొరికింది రొంబ రోజుల తరవాత, అదీ ఆయన గడ్డం గీసుకుంటా ఉంటే అద్దంలో.

ఆడి మాసంలో అమ్మవారికి కూళు, అదే అంబలి, పోసినాక, ఎవరింట్లోనన్నా బిడ్డకు పేరు పెట్టినప్పుడు, వీధికి అడ్డంగా తెల్ల వేష్టి తెరగా కట్టి బొమ్మ వేసేవాడు. బొమ్మకు మాటల్లేవు, మాటలు ఈయనవి. మొదట పిల్లోడు పరిగెత్తతా ఉంటాడు, వెనకాల పోలీసోళ్ళు, మామ, ఒక కుక్క. "పెండ్లికొడుకు పారిపోతా ఉండాడు, ముహూర్తం దాటిపోతాది, పట్టుకోండ్రా" అనేవాడు. ఎంత దూరం పరిగెత్తినా అదే గోడ, అదే విరిగిన కిటికీ. చేతిలో కాసుల్లేనోళ్ళు తీసిన బొమ్మని చిన్నబిడ్డకైనా తెలిసిపోతాది. ఈయన మాత్రం "ఈ గోడ మామూలుది కాదు, తొండియార్‌పేటలో మొదలైతే ఎన్నూరు దాకా పోతాది" అనేవాడు. పోలీసుగా వచ్చినోడే మీసం పీకేసి చర్చిలో పాదిరిగా వచ్చి పెండ్లి చేస్తాడు. "ఏం చేస్తాడు పాపం, రెండు షిఫ్టులు చేస్తే గానీ సంసారం నడవదు" అంటే ఫ్యాక్టరీవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వేవాళ్ళు. ఆడికి రీలు మారుస్తాడు. ఇంక ఇల్లరికం. మామ అల్లుడి చేత ఇంటి గోడలన్నిటికీ కాయితాలు అంటిస్తాడు. "అల్లుడూ, ఆ మూల వదిలేసినావు" అని మామకు లావు గొంతు పెట్టేవాడు. "మూల కాదు మామా, అది నీ వీపు" అని అల్లుడికి సన్న గొంతు. కడాకు పిల్ల కిటికీ తెరిచి వాణ్ణి చూస్తాది. వాడు టోపీ తీస్తాడు, టోపీలోని బంక నెత్తి మీదినించి కారతాది. పిల్ల నవ్వుతాది. బొమ్మ అయిపోతాది. ఇది తప్పంటే నేనెట్ట ఒప్పుకుంటా? ఇంత కష్టం పడినాక గదా ఆ పిల్ల మొగుణ్ణి తలెత్తి చూసేది.

అంబత్తూరులో ఇనుము చెక్కే లేతు మిషను పెట్టుకున్న నా మరిది ఒప్పుకోలా. "వదినా, అన్న తెలీక వేసినాడు. ఇప్పుడు సరైన బొమ్మ దొరికింది, మ్యూజిక్కు కూడా ఉండాది. నలుగురి ముందర తిరగేసి వేస్తే అన్న పరువు పోతాది" అన్నాడు. "మీ అన్న పరువుతో బతకలేదురా, నోటితో బతికినాడు" అంటిని. ఆడికీ ఈడికీ లాగి ఒక ఒప్పందానికి వచ్చితిమి. ఆదివారం లోపల నేను ఆయన మాటలన్నీ చెప్పి రాయిస్తే, ఆయన వరసలోనే బొమ్మ వేసి ఈ పిల్ల మాటలు చదవాల. నడిమధ్యలో యాడన్నా మాట దొరక్క నేను నిలిచిపోతే, మరిది చెప్పిన బొమ్మే. మాటలన్నీ వచ్చినాయి. కుక్క మొరిగేది కూడా వచ్చింది. కిటికీ కాడ మాత్రం రాలా. పిల్ల నవ్వేటప్పుడు ఆయన ఏమన్నాడు? కొళాయి కాడ నిలబడితే నోటిదాకా వస్తాది, బిందె నిండేతలికి పోతాది. అన్నంలో ఉప్పు రెండుసార్లు వేస్తిని. ఆయన ఫోటో ముందర నిలబడి అడిగితిని కూడా, బతికినన్నాళ్ళూ నిలవని నోరు ఇప్పుడు చూడు ఎట్ట మూసుకోని ఉండాదో. "ఏదో ఒకటి నువ్వే చెప్పెయ్ పెద్దమ్మా, ఎవరికి తెలస్తాది?" అనింది ఈ పిల్ల. నాకు తెలస్తాది గదా.

నిన్న ఎదురింటి అక్క తోడుకు పెరుగు కోసం వచ్చింది. ఆయన బొమ్మ వేస్తే ఒక్కసారి కూడా తప్పని మనిషి. గిన్నె చేతిలో పెట్టి అడిగితిని, "అక్కా, కిటికీ కాడ మా ఆయన ఏమంటాడు?" అని. ఆమె నన్ను వింతగా చూసింది. "ఆడ ఆయన మాట్లాడడు గదే" అనింది. "ఆడికొచ్చేతలికి నోరు మూసుకోని నీ తట్టు చూస్తా నిలబడతాడు. నువ్వేమో తెర తప్ప లోకం లేనట్టు కూర్చోనుంటావు. మిమ్మల్నిద్దర్నీ చూసి గదా మేమందరం నవ్వేది." ఆ నవ్వు బంకను చూసి అనుకొంటిని ఇన్నాళ్ళూ. అక్క గిన్నె తీసుకోని పోయింది.

మరిదికి ఫోను చేసి, మాటలు పూర్తయినాయి, కిటికీ కాడ మాట లేదు అని చెప్పితిని. "మాట లేకుంటే నువ్వు నిలిచిపోయినట్టే గదా వదినా" అన్నాడు. "నిలిచిపోయింది నేను కాదు, మీ అన్న" అని, అక్క చెప్పింది చెప్పితిని. ఆ పక్క వాడు లేతు ఆపేసిన చప్పుడు వినపడింది. తరవాత "సరి, తెరకు తెల్ల గుడ్డ నేను తెస్తా" అన్నాడు.

ఇప్పుడు ఈ పిల్ల "ఆడ ఏం రాయమంటావు పెద్దమ్మా?" అని అడగతా ఉండాది. ఏమీ రాయబాక. నాలుగు వేళ్ళు పట్టేంత ఖాళీ వదిలిపెట్టు. ఒక మనిషి నన్ను అట్ట చూస్తా ఉండినాడని తెలిసేదానికి ఆ మనిషి పోయి ఏడాది కావాల్సి వచ్చింది. కాలం ఏ రీలు ముందర వేస్తాదో మనల్ని అడిగి వేస్తాదా? ఏదీ తల్లీ, రాసింది మొదట్నుంచి ఒకసారి చదువు. ఆ ఖాళీ వచ్చినప్పుడు గబగబా దాటిపోబాక.