చి.ల.సౌ. చీరకు నేను రాసిన శుభలేఖ

చెప్పబోయేది అబద్ధమనిపించేవాళ్లు టీ తాగేసి ఇప్పుడే లేచి వెళ్లిపోండి. కూర్చున్నవాళ్లు మధ్యలో ‘అబ్బే’ అనకూడదు. మొన్న శనివారం నేను ఒక చీరకీ, ఒక పంచెకీ పెళ్లి చేశాను. గుణదల నుంచి వ్యాన్లేసుకుని జనం దిగారు. భోజనాలు కూడా నేనే పెట్టాను.

శుభలేఖల రామ్మూర్తి అంటే భవానీపురంలో కుక్కలు కూడా పక్కకి తప్పుకుని దారిస్తాయి. నలభై ఏళ్లుగా పెళ్లి కార్డులకి మేటర్ రాస్తున్నాను. నా మేటర్ లేకుండా కృష్ణా జిల్లాలో తాళి కట్టించుకున్న ఆడపిల్ల లేదు. పదేళ్లు మాటల్లేని తోడల్లుళ్లు నా కార్డు చదివి, కళ్లు తుడుచుకుంటూ పెళ్లికి ముందురోజే వచ్చేశారు. అదీ నా చెయ్యి.

మా బావమరిది సుబ్బారావుకి పామర్రులో చేనేత చీరల కొట్టుంది. కొట్టు వెనకే మగ్గాల షెడ్డు. వాడి కోడలు శిరీష చదువుకున్న పిల్ల. కొట్టుకి వెబ్‌సైట్ పెడతానని ఫొటోలు తీసింది, రంగులద్దింది. మొదటి పేజీలో నాలుగు మాటలు రాయాల్సి వచ్చింది.

“ఏఐతో రాయించేద్దామా మావయ్యగారూ? రెండు నిమిషాల్లో ఇచ్చేస్తుంది” అంది.

“మిషనుకి మగ్గం గురించి ఏం తెలుసమ్మా? నేను రాస్తాను. పెన్నుతో.”

“శనివారానికి కావాలండీ. ఆ రోజే సైటు ఓపెనింగు.”

మూడు రోజులు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ‘శ్రీరస్తు, శుభమస్తు’ దగ్గరే ఆగిపోయింది. పెళ్లికూతురి పేరు లేకుండా రాయడం ఈ చేతికి అలవాటు లేదు మరి. నాలుగో రోజు తలుపేసుకుని, ఫోన్లో ఏఐని తెరిచాను.

నేను దాన్ని ‘ఒరే’ అన్నాను. అది నన్ను ‘అండీ’ అంది. అక్కడే సగం పడిపోయాను. “నా పద్ధతి ఇదిరా, అచ్చం ఇలాగే రాయి” అని నేను రాసిన అరవై పెళ్లి కార్డులకి ఫొటోలు తీసి దానికి పెట్టాను. పామర్రు, మగ్గాల షెడ్డు, జరీ చీరలు, పంచెలు, శనివారం ఓపెనింగు, అన్నీ చెప్పాను. గుటక మింగేలోగా పేజీ చేతిలో పెట్టింది. మొదటి నాలుగు లైన్లు చదివాను. అచ్చం నేనే. నా గొప్పతనానికి నాకే కళ్లనీళ్లు తిరిగాయి. కళ్లనీళ్లు తిరిగాక ఐదో లైను ఎలా కనబడుతుంది? అలాగే శిరీషకి పంపేశాను.

కాసేపటికి ఆ అమ్మాయి ఫోను. “బాగుంది మావయ్యగారూ. కానీ మధ్యలో ఈ భోజనాల...”

“నా రాతలో అక్షరం కదిపావంటే నా మీద ఒట్టే. ఇన్నేళ్లలో ఎవరూ వేలు పెట్టలేదు.”

“మొత్తం మీరే రాశారు కదండీ?”

“మొత్తం.”

“సరేనండి” అంది. ఆ ‘సరేనండి’లో ఏదో కులుకుంది. నేను పట్టించుకోలేదు.

శనివారం నాకు శాలువా కప్పుతారని పట్టుపంచె కట్టుకుని పామర్రు వెళ్లాను. సుబ్బారావు దండ కూడా తెప్పించాడు. పన్నెండుకి పది నిమిషాలుందనగా కొట్టు ముందు రెండు వ్యాన్లు ఆగాయి. ముప్పై మంది ఆడవాళ్లు దిగారు. అందరికంటే ముందు ఒక పెద్దావిడ, చేతిలో మెరుపు కాగితం చుట్టిన గోడ గడియారం.

“నమస్కారమండీ, నా పేరు కరుణమ్మ. తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మాది గుణదల. వీళ్లంతా మా చర్చి స్త్రీల సమాజం. క్రిస్మస్‌కి అందరం ఒకే రకం చీరలు కడతాం. ఎక్కడ తీసుకుందామా అని వెతుకుతుంటే మీ వెబ్‌సైట్లో పిలుపు చూశాం. అంత మర్యాదగా పిలిస్తే ఉత్త చేతులతో ఎలా వస్తామండీ?”

“ఏం పిలుపండీ?” అన్నాడు సుబ్బారావు.

ఆవిడ ఫోను తీసి, క్లాసులో పాఠం చదివినట్టు చదివింది. “చి.ల.సౌ. జరీ అంచు చీరను చి. పంచెకిచ్చి, శనివారం మా మగ్గాల షెడ్డునందు జరిపించు శుభకార్యమునకు తాము సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, మా విందారగించి పోవలెనని ప్రార్థన. విందు పగలు పన్నెండు గంటలకు.”

సుబ్బారావు నన్ను మగ్గం వెనక్కి లాక్కుపోయాడు. “ఏంటి బావా ఇది? భోజనానికి పిలిచి పస్తు పంపామంటే ఈ ఊళ్లో నేను తలెత్తుకు తిరగ్గలనా? మిషను రాసిందని ఒక్క మాట చెప్పు. నేను చేతులు జోడించి సర్దిచెప్పుకుంటాను.”

మిషను రాసిందంటే ముప్పై భోజనాలు తప్పుతాయి, నలభై ఏళ్ల పేరు పోతుంది. నేనే రాశానంటే పేరు నిలబడుతుంది, భోజనాలు నెత్తిన పడతాయి. నేను రెప్ప కూడా వెయ్యలేదు.

“నేనే రాశాను. నేనే పెడతాను” అన్నాను.

ఇక చూడాలి నన్ను. గాలి నా వెనక పడి అలిసిపోయింది. శిరీష రెండు గుండిగల అన్నం వార్చేలోగా పామర్రు సెంటర్లో నాలుగు కర్రీ పాయింట్లు ఊడ్చేసి తెచ్చాను. పప్పు, వంకాయ, గోంగూర, సాంబారు, దేన్నీ వదల్లేదు. ఆ మధ్యాహ్నం ఊరంతా ఆవకాయతో సరిపెట్టుకుంది. పట్టుపంచె ఎగ్గట్టి, సాంబారు బకెట్టు ఎత్తి, మగ్గాల మధ్య ముప్పై ఆకులకీ ఒక్కణ్నే వడ్డించాను. ఒక్క పోగు మీద కూడా చుక్క పడలేదు.

కరుణమ్మగారు సాంబారు కలుపుకుంటూ తలెత్తారు. “రాసింది మీరేనటగా? చీరకి చి.ల.సౌ. ఎందుకు తగిలించారండీ?”

ఆ సందేహం నాకూ ఉంది. అయినా ఈ నోరు ఊరుకుంటుందా? “చీర మా ఇంటి ఆడపిల్లండీ. మా మగ్గం మీద పుట్టి, మీ ఇంటికి కాపురానికి వస్తుంది” అన్నాను.

ఒకావిడ కొంగుతో కళ్లొత్తుకుంది. సుబ్బారావు కవర్లోంచి దండ తీసి, నా మెడ దాకా తెచ్చాడు.

“ఎంత బాగా చెప్పారండీ. మరి ఆఖరు లైను కూడా మీదేనా?” అన్నారు కరుణమ్మగారు.

“ప్రతి అక్షరం నాదే.”

ఆవిడ ఎడం చేత్తో కళ్లజోడు సర్దుకుని, ఫోను చూసి చదివారు. “అండీ, మీరు పంపిన అరవై శుభలేఖల పద్ధతిలోనే రాశాను. వరుడి పేరు మీరు చెప్పలేదు కాబట్టి ప్రస్తుతానికి పంచె అని వేశాను. ఒకసారి సరిచూసుకోగలరు.”

దండ మళ్లీ కవర్లోకి వెళ్లిపోయింది. శిరీష మజ్జిగ తెస్తానని లోపలికి పరిగెత్తింది కానీ, నవ్వు మాత్రం ఇవతలికే వినబడుతోంది.

చీరలన్నీ సుబ్బారావు దగ్గరే తీసుకున్నారు లెండి. వ్యానెక్కబోతూ కరుణమ్మగారు నన్ను పక్కకి పిలిచారు.

“వచ్చే నెల మా మనవరాలి పెళ్లండీ. మీరు తప్పకుండా రావాలి.”

పోయిన ప్రాణం లేచొచ్చింది. “కార్డు మేటర్ రేపే పంపిస్తానండీ.”

“అది మా మనవరాలు ఏఐతో రాయించేసిందండీ. మీరు వడ్డనకి రండి. ఆకు మీద సాంబారు పారకుండా పొయ్యడం అందరికీ రాదు.”

వెళ్తున్నాను. కొత్త బకెట్టు కూడా తెప్పించారట. ఇంకా ఎవరికైనా అనుమానముంటే గుణదల వెళ్లి అడగండి. కరుణమ్మ టీచరుగారు అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు.