దస్తర్‌ఖాన్ దగ్గర పీట

మా ముత్తాత గద్వాల సంస్థానం కింద పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత నాగర్‌కర్నూలు కచేరీకి వస్తున్నాడంటే తహసీల్దారు అరుగు మీదికి వచ్చి నిలబడేవాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా నాన్న కాలానికి ఊళ్లు లేవు, గుర్రాలు లేవు. ఆయనకు మిగిలింది నిటారుగా కూర్చునే అలవాటు ఒక్కటే. దాన్ని నాకు ఇచ్చి పోయాడు. వనపర్తి కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పాను. స్టాఫ్ రూములో ఒక్క పూట కూడా వెనక్కి ఆనుకొని కూర్చోలేదు. ఇప్పుడు నేనూ నా భార్యా రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం.

మొన్న చలికాలం చివర గ్రంథాలయం నుంచి ఒక పుస్తకం తెచ్చుకున్నాను. పేరు చూసి కాదు, అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని. రాసినాయన నాకంటే పదేళ్లు పెద్ద. వయసు మీదపడటం గురించి, రోజువారీ పనుల గురించి రాసుకున్న వ్యాసాలు. గోడ పట్టుకొని పైజామా తొడుక్కోవడం. తల మీద వెంట్రుకలు తగ్గినా మంగలి పాత ధరే తీసుకోవడం. ఎవరో ఏదో అడిగితే వినపడక తల ఊపి, తీరా చూస్తే ఒక సభకు అధ్యక్షుడిగా ఉండటానికి ఒప్పుకున్నట్టు తేలడం. పాతిక పేజీలు చదివి మూసేశాను. ఇవి అచ్చు వేయించుకునే సంగతులా? ఈయనకు ఇంట్లో చెప్పేవాళ్లు లేరా అనుకున్నాను.

మర్నాడు పొద్దున ప్యాంటు తొడుక్కుంటూ బీరువా పట్టుకున్నాను. పట్టుకున్న చేతిని చూసుకున్నాను. పుస్తకం మళ్లీ తెరిచాను.

నేను దాచుకున్నది నా మోకాళ్ల సంగతి. అది చెప్పాలంటే సాబ్ గురించి చెప్పాలి. వాళ్ల తాత మా తాత గుర్రాలు చూసుకునేవాడు. ఒక రంజాన్ పండగనాడు మా తాత, మావాళ్లు వద్దంటున్నా, వాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లాడు. వెళ్లాడు గానీ దేశ్‌ముఖ్ కదా, కూర్చోవడానికి మా ఇంటి పీట ఒకటి ముందుగా పంపించాడు. అప్పటి నుంచి ఏటా పండగనాడు మా ఇంటి పెద్ద వాళ్ల దస్తర్‌ఖాన్ దగ్గర, అంటే నేల మీద పరిచిన భోజనాల గుడ్డ దగ్గర, ఆ పీట మీద కూర్చుని మొదటి ముద్ద తింటాడు. ఆ తర్వాతే మిగతా వాళ్లు తింటారు. తాత తర్వాత నాన్న, నాన్న తర్వాత నేను. ఆ ఇంటి పెద్ద ఇప్పుడు సాబ్. ఉర్దూ పాఠం చెప్పి రిటైర్ అయిన మనిషి, నాకంటే మూడేళ్లు పెద్ద.

మూడేళ్ల కింద పండగకు వెళ్లి తిన్నాక నేను పీట మీది నుంచి లేవలేకపోయాను. మోకాళ్లు మాట వినలేదు. అందరూ లేచి చేతులు కడుక్కున్నారు. నేను నీళ్లు అడిగాను. తర్వాత పాన్ అడిగాను. మళ్లీ నీళ్లు అడిగాను. నాకు తోడుగా కాబోలు, సాబ్ కూడా కదలకుండా కూర్చున్నాడు. చివరికి ఎవరో చుట్టాలు వస్తే ఆయన కూర్చునే అటు తిరిగి వాళ్లతో మాట్లాడుతున్నప్పుడు, పక్కనున్న కిటికీ ఊచ పట్టుకొని లేచాను. ఎవరూ చూడలేదు.

మరుసటి పండగకు షుగర్ ఉందని కబురు పంపాను. ఆ తర్వాతి పండగకు గద్వాలలో పని ఉందన్నాను. అబద్ధం ఆడటం మా వంశంలో లేదు కనుక నిజంగానే బస్సెక్కి గద్వాల వెళ్లి, బస్టాండులో సిమెంటు బల్ల మీద నిటారుగా కూర్చుని ఇడ్లీ తిని, సాయంత్రం తిరిగొచ్చాను. మోకాళ్ల సంగతి బయట అనవద్దని నా భార్యకు గట్టిగా చెప్పాను.

ఈసారి పండగకు వారం ముందు ఆమె కూరగాయల సంచి గుమ్మంలోనే పెట్టి, చెప్పులు విప్పకుండా నిలబడింది.

"సాబ్ ఇంటామె కలిసింది. ఏమడిగిందో తెలుసా?"

"ఏమడిగింది?"

"మీ ఇంటాయనకు మా ఇంట్ల తినుడు ఇప్పుడు మంచిగ అనిపిస్తలేదా అమ్మా, కాలం గట్ల ఉన్నది, మేమేం తప్పు పట్టం అన్నది. సాబ్ అయితే ఈసారి పిలుసుడే వద్దంటుండంట. పిలిచి ఇబ్బంది పెట్టుడెందుకు అని."

నేను చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాను.

"నాకు తలకాయ ఎత్తబుద్ధి కాలె," అంది ఆమె. "మోకాళ్లని చెప్దునా, మీరు వద్దంటిరి. మీ మోకాలినొప్పి దాచబోయి ఆ ముసలాయనకు గుండెనొప్పి తెస్తరా ఏంది?"

మా వంశాన్ని లోకం చాలా మాటలు అన్నది. పొగరన్నది, అప్పులన్నది, కోర్టు పక్షులన్నది. ఈ మాట మాత్రం ఎవరూ అనలేదు. మూడు తరాలుగా కలిసి తిన్న ఇంటివాళ్లు, నేను కూడా ఇప్పుడు మనుషులను వేరు చేసి చూస్తున్నానని అనుకున్నారు. పైగా తప్పు పట్టం అన్నారు. అది మరీ కష్టంగా తోచింది. అయినా నోరు తెరిచి మోకాళ్లు అని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ రోజంతా ఏమీ చేయలేక ఆ పుస్తకమే పట్టుకొని కూర్చున్నాను.

అందులో ఒక వ్యాసం. చుట్టాల ఇంట్లో అందరూ నేల మీద బంతికి కూర్చుంటే, కుర్చీ కావాలని అడగలేక, ఆకలి లేదని చెప్పి ఆయన వచ్చేస్తాడు. ఇంట్లో చల్లారిన అన్నంలో మజ్జిగ పోసుకుని తింటూ తన మీద తనే విసుక్కుంటాడు. వారం తర్వాత మళ్లీ అదే ఇంటికి వెళ్లి కుర్చీ అడుగుతాడు. ఆ ఇల్లాలు కుర్చీ వేసి, పప్పు వడ్డించి, పక్కాయన దగ్గరికి వెళ్లిపోతుంది. అక్కడితో వ్యాసం అయిపోయింది. తర్వాత ఏం జరిగిందోనని పేజీ తిప్పాను. వేరే వ్యాసం, కళ్లజోడు గురించి. వెనక్కి తిప్పి మళ్లీ చదివాను. నిజంగానే ఏమీ జరగలేదు.

పండగనాడు పిలుపు రాలేదు. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. నా భార్య ఏమీ అడగకుండా తయారైంది.

సాబ్ ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచి ఉంది. ఆయన, కొడుకులు, తమ్ముడు అప్పటికే చుట్టూ కూర్చున్నారు. మమ్మల్ని చూసి సాబ్ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"రండి దొరా. తోవ మర్సిపోయిండ్రనుకున్న."

దొర అనే మాట ఈ రోజుల్లో ఎవరూ అనరు, అనకపోవడమే మంచిది. ఆయన ఒక్కడు అలవాటు కొద్దీ అంటాడు. పెద్ద కొడుకు లోపలికి పరుగెత్తి పీట తెచ్చి, గుడ్డతో తుడిచి, నా చోట వేశాడు. అందరూ నేను కూర్చోవడం కోసం చూస్తున్నారు. నేను నిలబడే ఉన్నాను.

"సాబ్, నాకు కింద కూసోరాదు," అన్నాను. "కూసుంటే లెవ్వరాదు. రెండేండ్ల సంది రానిది అందుకే. ఇంకో ముచ్చట లేదు. నాకొక కుర్చీ వేయించుండ్రి."

సాబ్ నన్ను చూశాడు, నా మోకాళ్లను చూశాడు, వంటింటి గుమ్మంలో నిలబడ్డ తన భార్య వైపు తిరిగాడు.

"విన్నవా?" అన్నాడు. "విన్నవా ఏమంటుండో! నాకు నాలుగేండ్ల సంది లెవ్వరాదు!"

"మీకా?" అన్నాను.

"మసీదుల ఎనక వరుసల కుర్చీ మీద కూసొని నమాజు చదువుతున్న దొరా. అల్లా ముందర కుర్చీ, మీ ముందర నేల!"

ఆయన తమ్ముడికి నవ్వు ఆగలేదు. సాబ్ భార్య పళ్లెం పట్టుకుని గుమ్మంలో నుంచే అందుకుంది.

"దొర కిందుంటే నేను పైన ఎట్ల కూసుంట అంటడు. మీరు పోయినంక కొడుకులు చెరో రెక్క పట్టి లేపుతరు. మూడు దినాలు నూనె రాసుడు నా పని."

"మరి ఆ పండగ నాడు," అన్నాను, "నాకు తోడుగా అంతసేపు కూసున్నరు గద?"

"తోడా? ఈయన జల్ది పోతే నేను లేస్తనని చూస్తున్న. మీరేమో నీళ్లంటరు, పానంటరు, మళ్లా నీళ్లంటరు. యా అల్లా, ఈ మనిషికి ఇయ్యాలనే ఇంత దూపనా అనుకున్న!"

నేను నవ్వాను. ఎన్నాళ్లకో గట్టిగా నవ్వాను. సాబ్ కళ్లు తుడుచుకున్నాడు, నవ్వుకే అనుకుంటాను. కాసేపటికి నా చేయి పట్టుకొని, గొంతు తగ్గించి అన్నాడు: "నేను గలత్ సమజ్ చేసుకున్న. మాఫ్ చెయ్యుండ్రి."

"మాఫీ నేనడగాలె సాబ్. చెప్పనిది నేను."

కొడుకులు చెరో రెక్క పట్టి ఆయన్ని లేపారు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో ఒక స్టూలు వేశారు. నేను మొదటి ముద్ద తిన్నాను. కింద కూర్చున్నవాళ్లు తినడం మొదలుపెట్టారు. సాబ్ భార్య నాకు బిర్యానీ వడ్డించి మరిది దగ్గరికి వెళ్లిపోయింది. కొంతసేపటికి నా వీపు కుర్చీకి ఆనింది. ఆననిచ్చాను.

షీర్‌ఖుర్మా పాయసం గిన్నె వేడిగా వచ్చింది. పెద్ద కొడుకు దాన్ని ఎక్కడ దించాలో తెలియక, ఖాళీగా ఉన్న పీట వైపు చూసి, నా వైపు చూశాడు. పెట్టమన్నాను. గిన్నె దాని మీద సరిగ్గా పట్టింది.

అలాంటి టేకు పీటలు మా ఇంట్లో పన్నెండు ఉండేవి. పదకొండింటిని మా తాత గుర్రపు జీనుతో కలిపి నాన్న గద్వాలలో పాత సామాన్ల వ్యాపారికి అమ్మేశాడు. పన్నెండోది, ఈ పీట, సాబ్ వాళ్ల నాన్న కొనుక్కున్నాడు.