పక్కవాడి అర్జీ

తడిసిన గోనెసంచికి ఒక వాసన ఉంటుంది. కొంత మట్టి, కొంత నూనె, కొంత పాత ధాన్యం. నిన్న మధ్యాహ్నం కురిసిన వానకు మా గుమ్మంలో కాళ్ళు తుడుచుకోవడానికి వేసిన గోనె తడిసి, ఆ వాసన నేను రాసుకుంటున్న బల్ల దాకా వచ్చింది. మూఢాచారాల మీద ఒక పత్రికవాళ్ళు అడిగిన వ్యాసం మొదలుపెట్టి ఉన్నాను. రెండో వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. కొట్లో మంచి రంగుల కాళ్ళపట్టాలు దొరుకుతున్నాయి, ఈ గోనె తీసిపారేద్దామని కోడలు ఎన్నోసార్లు చెప్పింది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పమంటే చెప్పలేకపోయాను. ఏ ఆచారానికైనా కారణం చూపించాలి, చూపించలేకపోతే వదిలెయ్యాలి అని జీవితమంతా ఊరూరా తిరిగి వాదించినవాణ్ణి, నా గుమ్మంలో ఉన్న గోనెకు కారణం చెప్పలేను. పైడినాయుడు గారు ఉంటే నవ్వేవారు.

ఆయన్ని మీరెవరూ ఎరగరు. అరవైల చివర మా పట్నం పురపాలక సంఘంలో ఆయన ఒక కౌన్సిలరు. వృత్తి పాత గోనెసంచుల వ్యాపారం. నెల్లిమర్ల వెళ్ళే రోడ్డు మీద కొట్టు. చిరిగిన సంచులు కొని, దులిపించి, కుట్టించి, ఆమదాలవలస ధాన్యం వర్తకులకు అమ్మేవారు. చదువు మూడో తరగతితో ఆగిపోయింది. పురపాలక సంఘం ఊళ్ళోని సంఘాలకు ఏటా కొంత సొమ్ము గ్రాంటుగా ఇచ్చేది. వ్యాయామశాల, నాటక సమాజం, భజన సమాజం, పఠనాలయం, అందరూ అర్జీలు పెట్టేవారు. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ముగ్గురు సభ్యుల ఉపసంఘం ఒకటి ఉండేది. దాని అధ్యక్ష పదవి ఎవరికీ అక్కర్లేదు. ఒకరికి ఇస్తే నలుగురు శత్రువులవుతారు. అలా అది నాయుడు గారి మెడకు చుట్టుకుంది.

ఆయన వచ్చిన మొదటి ఏడే ఒక పద్ధతి పెట్టారు. అలాంటిది నేను మరెక్కడా చూడలేదు. ఏ సంఘంవాళ్ళూ తమ అర్జీ గురించి తాము మాట్లాడకూడదు. సంఘాల పేర్లు చీటీల మీద రాసి, ఒక గోనెసంచిలో వేసి, తలా ఒకటి తియ్యమనేవారు. ఎవరి చీటీ వస్తే వాళ్ళ దగ్గరికి ఆరు రోజులు వరసగా వెళ్ళాలి. చూడాలి. ఏడో రోజు ఉపసంఘం ముందు నిలబడి ఆ పక్కవాడి అర్జీ గురించి చెప్పాలి. "తన సంచి అమ్ముకునీవోడు సిరుగుని మడతలో దాస్తాడు. పక్కోడి సంచి అయితే సిరుగే ముందు సూపిస్తాడు. రెండూ అబద్ధాలే. అదే, పక్కోడి సంచిమీద ఆరు రోజులు కూసుంటే నిజం కొంతైనా నోట్లోంచి వస్తాది" అనేవారు.

అప్పటికి నాకు ఇరవైనాలుగేళ్ళు. ట్యుటోరియల్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. పగలు తీరిక వేళల్లో బజారు వీధిలో ఒక అద్దెగదిలో పఠనాలయం నడిపేవాణ్ణి. నాలుగు బల్లలు, రెండు బీరువాలు, మూడు దినపత్రికలు, గోడ మీద నా చేత్తో రాసిన 'నిశ్శబ్దం' అనే అట్ట. ఊరికి వెలుగు అక్కడినుంచే వస్తుందని నా నమ్మకం. నమ్మకం అనే మాట అప్పుడు వాడేవాణ్ణి కాదు, నిర్ధారణ అనేవాణ్ణి. ఆ ఏడు ఇంటివాడు ఉగాదిలోగా బాకీ అద్దె కట్టకపోతే పుస్తకాలు వీధిలో పెడతానన్నాడు. గ్రాంటు రాకపోతే పఠనాలయం లేదు. అది నాకూ తెలుసు, నాయుడు గారికీ తెలుసు.

సంచిలో చెయ్యి పెట్టి నేను తీసిన చీటీ మీద 'రామభజన సమాజం' అని ఉంది. గదిలో అందరూ నవ్వారు. అంతకు నెలరోజుల ముందే నేను బహిరంగ సభలో భజనల మీద గంటసేపు నిప్పులు చెరిగి ఉన్నాను.

"నాయుడు గారూ, ఇది నావల్ల కాదు. నేను దేనికి వ్యతిరేకమో ఊరంతటికీ తెలుసు" అన్నాను.

"ఒరే మేష్టరూ, నిన్ను భజన సెయ్యమన్నానేటి? సూసి రమ్మన్నాను. సూడ్డానికి కూడా నీ సిద్ధాంతం ఒప్పుకోదేటి?" అన్నారు.

అంతకన్నా విచిత్రం, నా పఠనాలయం చీటీ ఆ భజన సమాజం పెద్ద సింహాచలానికే వచ్చింది. సింహాచలం రైసుమిల్లులో బస్తాలు మోసే కళాసీల మేస్త్రి. బలమైన మనిషి. వెంట్రుకల్లో ఎప్పుడూ ఊక ఉండేది. అతను నా దగ్గరికి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా అన్నాడు: "బాబూ, నువ్వు దేముడు నేడంటావంట గదా. మరి మా అర్జీ నువ్వు సెప్తే కోపం దేముడికి వస్తాదా, నీకు వస్తాదా?"

మిల్లు దిగి కళాసీలు వచ్చే వేళకు నేను వాళ్ళ పాకకు వెళ్ళాను. తాటికమ్మల పాక. కప్పు సగం పోయింది, రేకులు వేయించడానికే అర్జీ. తాళాలు, మృదంగం, గంధం వాసన, అన్నీ నేను తిట్టినట్టే ఉన్నాయి. కాని మధ్యలో సింహాచలం కీర్తనల పుస్తకం తెరిచి, పాడుతూ అక్షరాల కింద వేలు నడిపించేవాడు. చుట్టూ మెడలు సాచి చూస్తున్నవాళ్ళకు ఆ పాట చిన్నప్పటినుంచీ నోటికి వచ్చు. వేలు ఎక్కడ ఉంటే నోట్లో ఆ మాట ఉండేది. హఠాత్తుగా తాళం ఆపి, "ఒరే అప్పన్నా, ఇదేటి? పాడకు, సెప్పు" అనేవాడు. అప్పన్న చెమటలు కక్కుతూ, లోపల మొదటినుంచీ పాడుకుని వచ్చి, ఆ మాట దగ్గర ఆగి, పైకి అనేవాడు. అలా చదవడం నేర్చుకున్నవాళ్ళు అక్కడ ఎనిమిదిమంది ఉన్నారు. కలకత్తా జనపమిల్లుల్లో పనికి వెళ్ళిన అన్నదమ్ములు రాసిన కార్డులు పాక మధ్యలో నిలబడి చదివేవారు. నా పఠనాలయంలో అక్షరాలు కొత్తగా నేర్చుకున్నవాడు ఒక్కడూ లేడు. వచ్చేవాళ్ళంతా ముందే చదువు వచ్చినవాళ్ళు.

మూడో రోజున దడి చూశాను. చూశాను అంటే, అంతకు ముందూ అక్కడే ఉంది. పాకకు ఒక పక్క నడుమెత్తు కమ్మల దడి. దాని అవతల నేల మీద మరో పదిమంది కూర్చుని పాడుతున్నారు. ఊరి వీధులు ఊడ్చే పేటవాళ్ళు. పాట దడి దాటి వెళ్ళేది, పుస్తకం వెళ్ళేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ దడి ఎవరు కట్టారు?" అన్నాను.

"నాను కట్టినాదేటి బాబూ? నాకు ముందునుండీ ఉన్నాది."

"తీసెయ్యొచ్చు కదా?"

సింహాచలం తల గోక్కున్నాడు. "తీసీవొచ్చు. తీస్తే ఇటున్నోళ్ళలో సగంమంది రారు. రాకపోతే మరి సదువెవుడికి సెప్పీది?"

దానికి నా దగ్గర సమాధానం ఉందనుకున్నాను. ఇంటికి నడుస్తూ గొప్ప గొప్ప వాక్యాలు తయారు చేసుకున్నాను.

అదే ఆరు రోజులూ సింహాచలం కూడా మా పఠనాలయానికి వచ్చాడు. మధ్యాహ్నం మిల్లులో అన్నం వేళ వచ్చేవాడు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడి లోపలికి చూసేవాడు. పించనుదార్లు పత్రిక చదువుతూ ఒకసారి తలెత్తి, మళ్ళీ దించుకునేవారు. నేనూ చూశాను. రమ్మనలేదు. పరీక్షించడానికి వచ్చినవాణ్ణి మర్యాదలు చేసి మెత్తబరచడం న్యాయం కాదు అనుకున్నాను. చూశారా, దానికీ ఒక హేతువు ఉంది నా దగ్గర.

ఏడో రోజు ఉపసంఘం ముందు మొదట నన్ను పిలిచారు. పాకలో చదువు గురించి చెప్పాలనే వెళ్ళాను. ఆ మాట ప్రమాణం చేసి చెప్పగలను. కాని నోరు తెరవగానే దడి వచ్చింది. "ఈ పట్నాన్ని రోజూ ఊడ్చేవాళ్ళని దడి అవతల కూర్చోబెట్టే సంఘానికి ఈ పట్నం సొమ్ము ఏ ముఖంతో ఇస్తారు?" అని అడిగాను. గొంతు లేచింది. సభ్యుల్లో ఒకాయన బల్ల మీద చెయ్యి చరిచి మెచ్చుకున్నాడు. చదువు సంగతి చివర రెండు వాక్యాల్లో చెప్పాను. అప్పటికి ఎవరూ వినడం లేదు.

తరవాత సింహాచలం లేచాడు. తువ్వాలు భుజం మీంచి తీసి నడుముకు కట్టుకున్నాడు. "సదువుల గది బాబూ. గుడిలాగ ఉంటాది. ఒక్కడు మాటాడ్డు. నేల అద్దంలాగ ఉన్నాది. అది మూసీకూడదు" అన్నాడు.

"లోపమేటైనా కనిపించినాదా?" అన్నారు నాయుడు గారు.

"నాను లోనికి ఎల్నేదు బాబూ, గుమ్మంలోంచే సూసినాను. మరి నావి ఊక కాళ్ళు గదా."

నాయుడు గారు నా వైపు చూశారు. నేను బల్ల మీది కాగితాలను చూశాను. గుమాస్తా తరవాతి అర్జీ పిలిచాడు.

పఠనాలయానికి గ్రాంటు మంజూరైంది. భజన సమాజానికి తిరస్కరించారు.

గెలిచినవాణ్ణి, మర్నాడు ఎందుకు గోనెసంచుల కొట్టుకు వెళ్ళానో నాకే తెలియదు. నాయుడు గారు ఒక సంచిని వెలుగుకు పట్టి, లోపల చెయ్యి పెట్టి చూస్తున్నారు. చిరుగు ఉన్నచోట వేళ్ళు బయటికి కనిపిస్తున్నాయి.

"అర్జీ నెగ్గినావు గదా, ఏటలగున్నావు?" అన్నారు.

"గుమ్మంలోంచే చూశాను అని అతనన్నప్పుడు మీరు ఎందుకని ఆరా తియ్యలేదు?"

"నాను అడగడమేటి? నువ్వే సెప్తావేమోనని సూసినాను."

"మన సంఘం గురించి మనం మాట్లాడకూడదని రూలు పెట్టింది మీరే కదండీ!"

ఆయన సూదిలోకి పురికొస ఎక్కించుకున్నారు. "ఊఁ, పెట్టినాను. అదీ నిజమే" అన్నారు. అంతే. అది ఒప్పుకోవడమో, వెక్కిరింతో, ఇన్నేళ్ళయినా తేల్చుకోలేదు.

"వాళ్ళకి ఇవ్వాల్సింది అంటారా?" అన్నాను.

"నువ్వు సెప్పిన్దాంట్లో అబద్ధమున్నాదేటి?"

"లేదు."

"మరింకేటి?" అని, కుట్టు ముగించి ఆ సంచి నా చేతిలో పెట్టారు. "పట్టుకుపో. గుమ్మంలో ఎయ్యి. ఊక కాళ్ళోళ్ళు తుడుసుకుంటారు."

వేశాను. సింహాచలం దగ్గరికి వెళ్ళి పిలిచాను కూడా. "వస్తాను బాబూ" అన్నాడు, ఒకసారి వచ్చాడు. గోనె మీద చాలాసేపు కాళ్ళు తుడుచుకుని, బల్ల చివర కూర్చుని పత్రిక తెరిచాడు. అతను పాడకుండా చదవలేడు. పత్రికలో వార్తకు రాగం లేదు. అయినా వేలు పెట్టి, సన్నగా గొంతు తీసి, ధాన్యం ధరల వార్త మొదలుపెట్టాడు. ఒక పించనుదారు గోడ మీది అట్ట వైపు చూపించాడు. ఆ అట్ట నేను రాసిందే. సింహాచలం నవ్వి, పత్రిక మడత చెడకుండా పెట్టి వెళ్ళిపోయాడు. అట్ట అదే రోజు తీసేశాను. అతను మళ్ళీ రాలేదు.

మరుసటి ఏడు వానలు వెళ్ళాక ఆ దారిన పోతూ చూస్తే పాకకు దడి లేదు. కప్పూ లేదు. ఎండలో, ఒకే నేల మీద, అందరూ కలిసి కూర్చుని పాడుతున్నారు. వీధులు ఊడ్చే పేట మనిషి ఒకతను పుస్తకం మీదికి వంగి ఉన్నాడు. నా గుండె పొంగింది. నా ఉపన్యాసం ఊరికే పోలేదనుకున్నాను. సింహాచలాన్ని పక్కకు పిలిచి, "దడి తీసేశారే!" అన్నాను.

"తియ్యడమేటి బాబూ? కుళ్ళిపోయినాది. కొత్త కమ్మలు కొనడానికి మా దగ్గిరేటున్నాది? కప్పు నేకపోతే ఇక అటేటి, ఇటేటి?"

"మరి రాకుండా మానేస్తామన్నవాళ్ళు?"

"మానీసినారు కొందరు. కలకత్తా కార్డులు సదివించుకోడానికి మళ్ళీ వస్తన్నారు ఇద్దరు ముగ్గురు. సూడాల."

నాయుడు గారికి ఈ సంగతి చెబుదామని వెళ్ళాను. దడిని కూల్చింది నా హేతువా, వాళ్ళ పేదరికమా? సొమ్ము ఇచ్చి ఉంటే రేకులతో పాటు దడి కూడా కొత్తగా లేచేదా? లేక రేకుల కింద ఇంకో ఇరవైమంది చదువుకునేవారా? ఆయన అంతా విని, చుట్ట వెలిగించుకుని, "నాకూ తెల్దురా మేష్టరూ. తెలిస్తే ఆ సీటీల సంచి ఎందుకు?" అన్నారు. ఆయనకు తెలుసనే నేను అనుకుంటూ వచ్చాను అప్పటివరకూ.

ఇప్పటికీ నన్ను ఆ ఉపసంఘం ముందు నిలబెడితే దడి సంగతి చెబుతాను. చెప్పకుండా ఉండటం నాకు చేతకాదు. కాని మొదట ఏ వాక్యం చెప్పాలి, దడిదా, వేలిదా, అక్కడే ఆగిపోతాను. నా గుమ్మం సంగతి ఎన్నో వాక్యంగా రావాలో అసలే తెలియదు. ఆయన ఇచ్చిన గోనె ఏనాడో చివికిపోయింది. అప్పటినుంచీ ఒకటి చివికితే ఒకటి వేస్తూనే ఉన్నాను.

నిన్న అలా కలం పట్టుకుని కూర్చుని ఉండగా, వాన తగ్గాక గుమ్మంలో ఎవరో కాళ్ళు తుడుచుకుంటున్న చప్పుడైంది. ఎవరో, ఏ పని మీదో తెలియదు. తుడుచుకోవడం మరీ ఎక్కువసేపు సాగింది. "చాలు, లోపలికి రండి" అని కేకేశాను. ఎవరని తరవాత అడిగాను.