సున్నాల కాగితం

మా ఇంట్లో గ్రాఫ్ కాగితం మీద ఎవరైనా రబ్బరు పెట్టి చెరిపితే నేను ఊరుకునేదాన్ని కాదు. మాది చేనేత ఇల్లు. నూలుకు కట్లు కట్టి రంగులో ముంచే ముందు చీర డిజైన్‌ను గళ్ల కాగితం మీద గీసుకోవాలి. చదివింది మూడో తరగతే అయినా ఆ గళ్ల పని నా చేతిలోనే ఉండేది.

తొంభైల చివర్లో ఒక గురువారం, నల్లగొండలో కంప్యూటర్ చదువు చదివే నా మనవరాలు మోపెడు కాగితాలతో ఇంటికి వచ్చింది. విప్పి చూస్తే అన్నీ సున్నాలే. ఎక్కడో ఒక చోట ఒకటి అంకె.

"గిన్ని సున్నాలకు గింత కాగితం తగలేసినవా? మీ కాలేజీల పొయ్యి గిట్ల అంటువెడ్తున్నరా?"

పిల్ల నవ్వలేదు. "మన చీర డిజైనే అవ్వా. గడి నిండితే ఒకటి, ఖాళీ ఉంటే సున్నా. మిషన్ల పడ్తలేదు, నడుమనే ఆగిపోతాంది. శనివారం నడిపి చూపకపోతే సారు ప్రాజెక్టు మీద సంతకం పెట్టడు."

సంతకం లేకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే చదువు మానిపించి మగ్గం మీద కూర్చోబెడతానని నా కొడుకు అప్పటికే తేల్చి చెప్పాడు. వాడు అన్నాడంటే అన్నాడే. ఆ మొండితనం నా దగ్గర్నుంచే వచ్చింది.

ఎందుకు పడదని అడిగాను. వాళ్లకిచ్చిన కంప్యూటర్ భాషలో ఒకసారి రాసింది చెరపరాదట. అందుకని ఒక్క గడి మార్చాలన్నా పట్టిక మొత్తాన్ని కొత్తగా రాస్తున్నదట. పది గళ్లు మారిస్తే పది పట్టికలు.

"చెరపొద్దన్నది మంచి మాటనే. మొత్తం మళ్ల రాయమన్నదెవరు?" అంటూ నా రేకు పెట్టె తెరిచాను.

నేను డిజైన్‌ను ఎప్పుడూ ఒకే కాగితంగా ఉంచలేదు. నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదాన్ని మళ్లీ నాలుగు చేసి, దేనికది విడిగా పెట్టేదాన్ని. ప్రతి నాలుగు ముక్కలకూ ఏ మూలకు ఏ ముక్కో ఒక చిన్న చీటీ మీద ఉంటుంది. మూలంతా ఖాళీ అయితే కాగితమే అక్కర్లేదు, చీటీ మీద 'ఖాళీ' అని రాస్తే చాలు. రెండు మూలల్లో ఒకే హంస ఉంటే ముక్క ఒకటే, దాని గుర్తు రెండు చోట్ల. ఒక హంస మెడ మార్చాలంటే ఆ చిన్న ముక్కా, దాని పైనున్న చీటీలే కొత్తవి. మిగిలినవన్నీ పాతవే పనికొస్తాయి.

పిల్ల చీటీలను తిప్పి తిప్పి చూసింది. "పాత చీటీ పారెయ్యవా అవ్వా?"

"ఎందుకు పారేస్త? చీరలు కొనే సేటు మళ్ల పాతదే గావాలంటే నీ మొకం చూపిస్తనా?"

శుక్రవారం పొద్దున కాలేజీకి పోయి పొద్దుగూకే వేళకు తిరిగొచ్చింది. నా చీటీల పద్ధతిలో రాస్తే చిన్న ముక్కకు నడిచిందట. మొత్తం చీర పెట్టి చూడడానికి సమయం దొరకలేదట. శనివారం నేనూ వెంట పోయాను. నార్కట్‌పల్లిలో బస్సు మారేటప్పుడు కూడా పిల్ల ఆ సున్నాల మోపునే తిరగేస్తూ ఉంది.

కంప్యూటర్ గది బయటే చెప్పులు విప్పించారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. సారు మొత్తం చీర పెట్టించాడు. తెర నల్లగా ఉండిపోయింది. ఆగిపోయిందనే అనుకున్నాను. అంతలో గళ్లు వచ్చాయి. ఒక హంస మెడ మార్చమన్నాడు, మారింది. ఇంకొకటి, అదీ మారింది.

"మరి మొదటి డిజైన్ ఏదమ్మా? పోయినట్టేనా?"

పిల్ల వేళ్లు ఆగాయి. పాత చీటీ ఉంచుకుందో, తొందరలో పారేసిందో నాకు తెలియదు. పిల్ల ఏదో కొట్టింది. పాత హంసలు మెడలు వంచుకుని వరుసగా వచ్చి నిలబడ్డాయి.

సారు జేబులోంచి పెన్ను తీశాడు.

బయటికొచ్చాక పిల్ల ఆ సున్నాల మోపును చెత్తబుట్టలో వేయబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

"సంతకం మీ బాపుకు చూపియ్యి. గీ కాగితం నాకియ్యి. ఎనుక తెల్లగనే ఉన్నది."