నేను చూస్తేనే పడిపోయే నెట్‌వర్క్

ఇరవై మూడేళ్ళ వయసులో అలసట అంటే ఏమిటో నాకు తెలియదు గానీ, ఏసీ విలువ మాత్రం బాగా తెలుసు. ఇప్పుడు ఏసీ మామూలైపోయింది, అలసటే మిగిలింది. నెల్లూరులో ఒక కాలేజీ నెట్‌వర్క్ చూసుకోవడం నా ఉద్యోగం. మీరు వాడే ఫలానా సాఫ్ట్‌వేర్‌లో భద్రతా లోపం బయటపడింది, వెంటనే కొత్త వెర్షన్ వేసుకోండి అంటూ వారానికి రెండు మూడు మెయిళ్ళు వస్తాయి. ఒకటి సరిచేసి కుర్చీలో వెనక్కి వాలేలోపు ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. ఆ రోజుల్లో నాకు వీటితో పేచీయే లేదు. 'తర్వాత' అని ఒక ఫోల్డర్ చేసి, అలాంటివన్నీ వాటంతటవే అందులో పడేటట్టు పెట్టుకున్నాను. ఆ ఏర్పాటు నా తెలివికి గుర్తని నలుగురికీ చూపించుకునేవాణ్ణి కూడా.

అది నా మొదటి ఉద్యోగం, కొడవలూరు నుంచి సముద్రం వైపు పోతే వచ్చే ఒక రొయ్యల ప్లాంటులో. చెరువుల నుంచి లారీల్లో వచ్చిన సరుకు తూకం వేసి, ఒలిచి, గడ్డకట్టించి పెట్టెల్లో పంపే చోటు. మావాడు కంప్యూటర్ ఇంజనీరని నాన్న పక్క పొలం వాళ్ళకు చెప్పుకునేవాడు. (నేను చేసే పనిలో సగం, ప్రింటర్లో ఇరుక్కున్న కాయితాలు లాగడం.) ఆ ప్లాంటులో రొయ్యలకున్న చల్లదనం మనుషులకు లేదు. మనుషులు కూర్చోగలిగిన ఏసీ గదులు రెండే, ఒకటి మేనేజరు గారిది, ఒకటి సర్వరుది. మే నెలలో సర్వరు గదిలో రోజంతా కూర్చోవాలంటే ఏదో ఒక కారణం కావాలి కదా. ఆ కారణం నాకు నెట్‌వర్క్‌ను పరీక్షించే ఒక సాఫ్ట్‌వేర్ రూపంలో దొరికింది. తీగల్లో పోయే ప్రతి సందేశాన్నీ పట్టుకుని, విప్పి చదివి, రంగురంగుల వరసలుగా తెర మీద పరిగెత్తించేది. ఏదైనా చిక్కు వచ్చినప్పుడు తెరిచి, చూసుకుని, మూసేయాల్సిన పనిముట్టు అది. నేను దాన్ని పొద్దున తొమ్మిదికి సర్వరు మీదే, అన్ని అధికారాలూ ఇచ్చి తెరిచి, సాయంత్రం దాకా వదిలేసేవాణ్ణి. తలుపు తీసి తొంగిచూసినవాళ్ళు ఆ రంగులు చూసి, పాపం పనిలో ఉన్నాడని చప్పుడు కాకుండా తలుపు వేసుకుని పోయేవాళ్ళు.

మేనేజరు గారిని మేమంతా చాటుగా ఐసుగడ్డ అనేవాళ్ళం, ఆయన ఏ విషయానికీ కరగడం మేమెవరమూ చూడలేదు. ఇక కరెంటు భాయి. మోటార్లు, లైట్లు, తీగలు అన్నీ ఆయనవే, ప్లాంటు కట్టిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్న మనిషి. ఆయనకొక అలవాటు ఉండేది. ఎక్కడ రిపేరుకు పిలిచినా, ముందు జేబులోంచి టెస్టరు తీసి, పనిచేస్తోందని అందరికీ తెలిసిన ప్లగ్గులో పెట్టి, అది వెలిగాకే చెడిపోయిన దాని దగ్గరకు పోయేవాడు. బాగున్నదాన్ని చూడ్డమెందుకు భాయ్, చెడింది చూడు అని నేను నలుగురిలో వెక్కిరించేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

అలా నా ఏసీ కాపురం సాఫీగా సాగుతుండగా, పాతదే అయినా మాకు కొత్తదైన ఒక ఎలక్ట్రానిక్ కాటా ఎక్కడినుంచో కొనుక్కొచ్చారు. దాన్నుంచి సర్వరుకు నెట్‌వర్క్ తీగ లాగింది భాయి. మర్నాటి నుంచి పట్టుకుంది పీడ. పదకొండు ప్రాంతంలో లారీలు వచ్చి కాటా ఎక్కడం మొదలుకాగానే సర్వరు బిగుసుకుపోయేది. సర్వరు పలక్కపోతే తూకం చీటీ రాదు, చీటీ రాకపోతే సరుకు లోపలికి పోదు. ఎండలో లారీలు, కరుగుతున్న ఐసు, చేతులు ముడుచుకుని కూర్చున్న ఆడవాళ్ళు. నేను సర్వరు ఆపి మళ్ళీ మొదలుపెట్టి, ఇంకా శ్రద్ధగా ఆ రంగుల తెరను తెరిచి చూసేవాణ్ణి. ఎంత శ్రద్ధగా చూస్తే అంత త్వరగా పడిపోయేది. ఒలిచేవాళ్ళ సూపర్‌వైజరు అక్క జాలిపడి సర్వరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టి పోయింది. అవీ పనిచేయలేదు.

నాలుగో రోజు ఐసుగడ్డ పిలిచి కారణం అడిగాడు. తెలియదు అనే మాట అప్పట్లో నా నోటికి అలవాటు లేదు. కాటా నుంచి సందేశం వచ్చినప్పుడే పడుతోంది కాబట్టి తీగలోనే లోపమని ధీమాగా చెప్పాను. భాయి ఆ తీగ రెండుసార్లు మార్చాడు. అయినా పడింది. శనివారం దాకా చూస్తానని, ఆ రోజు కూడా పడితే సోమవారం నుంచి రానక్కర్లేదని ఐసుగడ్డ ఆయనతో నా ముందే అన్నాడు. భాయి నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

శుక్రవారం దొరవారిసత్రంలో మా పెద్దమ్మ కొడుకు పెళ్ళికి వెళ్ళాను. శనివారం వచ్చేసరికి నిన్న అంతా సజావుగా నడిచిందన్నారు. సంతోషంగా సర్వరు గదిలోకి పోయి, ఏసీ వేసుకుని, రంగుల తెర తెరిచాను. పదకొండుకు మళ్ళీ పడింది. కాసేపటికి తలుపు తీసుకుని భాయి వచ్చాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. ఆయన తెర వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"నిన్న పడలేదబ్బయా. తీగ నిన్న కూడా ఉండాది. నువ్వే లేవు."

తెర మీద వేలు పెట్టాడు.

"ఆ రంగులది నిన్న నడిచినాదా?"

"లేదు భాయ్."

ఆయన తలుపు వేసి వెళ్ళిపోయాడు. ఆ సాఫ్ట్‌వేర్ గురించి ఎప్పుడైనా ఏమైనా వచ్చిందేమోనని నేను 'తర్వాత' ఫోల్డర్ తెరిచాను. నాలుగు నెలల నాటి మెయిల్ ఒకటి, చదవనిది, అందులో పడి ఉంది. నేను వాడుతున్న వెర్షన్‌లో లోపం ఉందట. సరిగా కూర్చని సందేశం ఒక్కటి వచ్చినా, దాన్ని విప్పి చదవబోయి ఆ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ మెమరీ అంతా మింగేస్తుందట. ఎవరైనా కావాలని కూడా అలాంటిది పంపి మెషిన్ని పడగొట్టవచ్చట. మా దగ్గర ఆ పని కావాలని ఎవరూ చేయలేదు. ఆ ముసలి కాటా పంపే ప్రతి సందేశం తోకా తలా లేనిదే. సర్వరు పాపం అందులో బరువు తీసుకుని మిగతాది పారేసేది. పక్కనే కూర్చుని ప్రతిదీ చదువుతానన్న నా కాపలాదారే కూలబడి, దాన్ని కూడా కిందకు లాగుతున్నాడు.

అప్పుడు నేను ఏమనుకున్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. చప్పుడు కాకుండా కొత్త వెర్షన్ వేసేస్తే సోమవారం నుంచి అంతా బాగుంటుంది, నా మొహమూ బాగుంటుంది. భాయి ఒక్కడే ఉండడు. ఆయన పోయాక బాగైంది కాబట్టి తప్పు ఆయనదేనని అందరూ నమ్ముతారు కూడా. ఆ ఆలోచనతో ఒక పావుగంట కూర్చున్నాను. ఆ పావుగంట ఆ గదిలో చల్లగా లేదు. తర్వాత లేచి మేనేజరు గారి గదికి పోయి, ఉన్నదంతా చెప్పాను.

ఐసుగడ్డ చేతిలోని కలం బల్ల మీద పెట్టాడు.

"అయితే కాపలాకు పెట్టినవాడే తలుపు తీసి పెట్టినాడు. రోజంతా ఎందుకు తెరిచి పెట్టినావు దాన్ని?"

"ఏసీ కోసం సార్."

ఆయన మొహంలో ఏదో కదిలింది. నవ్వే అయి ఉంటుందని ఇన్నేళ్ళకు అనుకుంటున్నాను. భాయిని పిలిపించి, సోమవారం మామూలుగా రమ్మన్నాడు. నా బల్లను ఆ సాయంత్రమే కాటా షెడ్డులోకి మార్పించాడు. పైన రేకులు, పక్కన లారీలు, చుట్టూ రొయ్యల వాసన.

సోమవారం పొద్దున నా బల్ల దగ్గర ఫ్యాను బిగించడానికి భాయి వచ్చాడు. ఎవరూ చెప్పలేదు, తనే వచ్చాడు. అలవాటు ప్రకారం ముందు పనిచేస్తున్న ప్లగ్గులో టెస్టరు పెట్టాడు. ఈసారి నేను వెక్కిరించలేదు. నా వైపు తిరక్కుండానే, "ఇది బాగుంటేనే గదబ్బయా, దీంతో ఇంకోటి చూసేది" అన్నాడు. క్షమించు భాయ్ అన్నాను. ఫ్యాను చప్పుడులో విన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇవాళ పొద్దున వచ్చిన మెయిల్ ఆ సాఫ్ట్‌వేర్ గురించే. ఇన్నేళ్ళ తర్వాత దానిలో ఇంకో లోపమట. టీ చల్లారేలోపు కొత్త వెర్షన్ వేసేసి, ఒకసారి తెరిచి చూసి, మూసేశాను. ఇప్పుడు నాకు 'తర్వాత' ఫోల్డర్ లేదు, అంత ఓపికా లేదు. ఆ ఇరవై మూడేళ్ళవాడు ఎక్కడైనా ఎదురుపడితే కోప్పడాలని కూడా అనిపించదు. బయట ఎండ మండిపోతోంది, ఆ ఏసీ గదిలో ఇంకో గంట కూర్చోమనే అంటాను. ఆ తెర మాత్రం మూయించి.